జడ్జి ఎలాంటివారో తెలియకముందే వద్దనాలి

మా వదిన కేసు కాలిఫోర్నియా రాష్ట్ర కోర్టులో ఒక పెద్ద గుంపు కేసుల్లో కలిసి ఉంది. ఒక వస్తువు వాడి ఆరోగ్యం పాడైందని వేలమంది వేసిన కేసుల్లో అదొకటి. ఏ వస్తువు, ఏ కంపెనీ అన్నది ఇక్కడ అనవసరం. ఈమధ్య జడ్జి ఒక ఆర్డరిచ్చారు, వాదుల తరఫు నిపుణుడొకరి సాక్ష్యం జ్యూరీ ముందుకు రాకూడదని. ఆ వారాంతం భోజనాల దగ్గర వదిన నన్ను పట్టుకుంది.

"ఏమయ్యా, ఇక్కడ కారణం కూడా చెప్పక్కర్లేకుండా జడ్జిని మార్పించుకోవచ్చటగా? మా లాయరు ఆ పని ఎందుకు చెయ్యడు?"

లాయర్ని అప్పటికే అడిగిందట. రెండు లైన్ల ఈమెయిల్ వచ్చింది. ఆ గడువు ఎప్పుడో దాటిపోయిందనీ, ఈ జడ్జిని వేసింది మీరు మా దగ్గర సంతకం పెట్టకముందనీ. వదిన ఫోన్‌లో అది నాకు చూపించి, "నేను కేసులో చేరకముందే నా గడువు అయిపోయిందా? ఇదెక్కడి న్యాయం?" అంది. అన్నయ్య పప్పు వడ్డించుకుంటూ నవ్వాడు కానీ ఆవిడ నవ్వలేదు.

నేను లాయర్ని కాదు. లా ఆఫీసులు గడువులు లెక్కపెట్టుకునే సాఫ్ట్‌వేర్ తయారుచేసే చోట టెస్టింగ్ చేస్తాను. వదిన అడిగిన రూలు నెంబరు నాకు నోటికొచ్చు. కానీ ఆ రోజుదాకా దాన్ని తేదీల లెక్కగానే చూశాను. ఆవిడ ప్రశ్నకి అప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పాలనుకుంటున్నది ఇది: ఆవిడ కోపంలో న్యాయం ఉంది. గడువు మీద మాత్రం కాదు ఆ కోపం పోవలసింది.

లెక్క ఇలా ఉంటుంది

కాలిఫోర్నియా సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 170.6 అని ఒక సెక్షన్ ఉంది. ఈ జడ్జికి నా మీదో, నా లాయరు మీదో, నా ప్రయోజనాల మీదో దురభిప్రాయం ఉందనీ, నాకు నిష్పక్షపాతమైన విచారణ దొరకదని నమ్ముతున్నాననీ ప్రమాణం చేసి ఒక కాగితం దాఖలు చేస్తే చాలు. ఎందుకు అలా అనుకుంటున్నారని ఎవరూ అడగరు. ఆధారాలు చూపించక్కర్లేదు. కాగితం సమయానికి పడితే ఆ జడ్జి ఆ కేసు వదిలేయాల్సిందే. తర్వాత ఆయన ఇచ్చే ఆర్డర్లు చెల్లవు. లాయర్లు దీన్ని జడ్జిని "పేపర్ చేయడం" అంటారు. ఒక్కో పక్షానికి ఒక్కసారే.

మామూలు కేసులో, మొదటినుంచి చివరిదాకా ఒకే జడ్జికి అప్పగించినప్పుడు, ఆ సంగతి తెలిసిన రోజు నుంచి 15 రోజులు. ఇంకా కేసులోకి రాని పార్టీకి, వచ్చిన రోజు నుంచి 15 రోజులు.

కోఆర్డినేటెడ్ కేసులు వేరు. వేర్వేరు కౌంటీల్లో పడిన కేసుల్లో ఉమ్మడి ప్రశ్నలుంటే వాటినన్నిటినీ ఒక జడ్జి ముందుకి చేర్చమని పిటిషన్ పెడతారు. రాష్ట్ర ప్రధాన న్యాయమూర్తి అధ్యక్షత వహించే జ్యుడీషియల్ కౌన్సిల్ ఆధ్వర్యంలో అది జరుగుతుంది. ఆలిసో కాన్యన్ అనే భూగర్భ గ్యాస్ నిల్వ కేంద్రంలో లీక్ కేసులు లాస్ ఏంజెలెస్‌లోనూ, 2017 నార్త్ బే కార్చిచ్చు కేసులు శాన్‌ఫ్రాన్సిస్కోలోనూ ఒకే జడ్జి ముందుకి వచ్చింది ఇలాగే. ఈ కేసులకి వర్తించేది కోర్టు రూల్ 3.516. ఇంజనీర్లకి నేను రాసే టికెట్‌లో అది ఇలా ఉంటుంది: ట్రిగ్గర్ (లెక్క మొదలయ్యే రోజు), జడ్జిని నియమించిన ఆర్డరు సర్వ్ అయిన, అంటే పార్టీలకి అధికారికంగా అందజేసిన, తేదీ. ఆర్డరు మీద ఉన్న తేదీ కాదు, సర్వ్ అయిన తేదీ. దానికి 20 రోజులు కలపాలి. కాలిఫోర్నియాలోపల పోస్టులో పంపితే ఇంకో 5, ఎలక్ట్రానిక్‌గా పంపితే 2 కోర్టు పనిదినాలు. చివరి రోజు సెలవైతే తర్వాతి పనిదినం.

ఆ టికెట్‌లో లేని ప్రశ్న వదిన అడిగింది. ఎవరికి సర్వ్ అయిన తేదీ? మూడేళ్ల తర్వాత చేరే మనిషికి ఆ ఆర్డరు ఎవరూ సర్వ్ చేయరు. రూలు మాటల్లో గడువు మొదలయ్యేది నియామకపు ఆర్డరు నుంచి, పార్టీ వచ్చిన రోజు నుంచి కాదు. పైగా అదే రూలులో ఇంకో వాక్యం ఉంది: వాదులూ వాళ్లలాంటి పార్టీలూ అందరూ కలిసి ఒక పక్షం, ప్రతివాదులూ వాళ్లలాంటి పార్టీలూ అందరూ కలిసి ఒక పక్షం. అంటే వాదులందరికీ కలిపి ఒకటే చాన్సు. మొదట వచ్చినవాళ్లు వాడేస్తే తర్వాత వచ్చినవాళ్లకి ఇక లేదు.

సెక్షన్‌లో ఒకటుండి, రూలులో ఇంకోటుంటే రూలు ఎలా నెగ్గుతుందని నాకు సందేహం వచ్చింది. దానికి జవాబు కోడ్‌లోనే 404.7లో ఉంది. ఇతర చట్టాల్లో ఏమున్నా సరే, కోఆర్డినేషన్ కేసుల పద్ధతిని జ్యుడీషియల్ కౌన్సిల్ రూళ్ల ద్వారా నిర్ణయించాలని. శాసనసభే తాళాలు ఇచ్చేసింది.

తెలియనివాళ్ల ప్రమాణం

ఈ ఏర్పాటులో ఒక వింత ఉంది. దాన్ని దాటవేయకూడదు. కోఆర్డినేషన్ జడ్జి నియామకం తర్వాత మొదటి కాన్ఫరెన్సు 30 రోజుల్లోపు జరపాలి. గడువు 20 రోజులు. అంటే చాలాసార్లు జడ్జి ఆ కేసు గురించి నోరు తెరవకముందే, ఆయనకి నా మీద దురభిప్రాయం ఉందని నేను ప్రమాణం చేయాలి. నిజంగా దురభిప్రాయం ఉందని అనిపించేది ఎప్పుడు? రెండేళ్లు ఆయన మాటలు విన్నాక. అప్పుడు ప్రమాణం చేస్తానంటే గడువు లేదు. గడువు దాకా కూడా ఆగక్కర్లేదు. కేసు మంచిచెడులకి సంబంధించిన వివాదాంశం మీద జడ్జి ఒక నిర్ణయం చెప్పేస్తే తర్వాత ఈ దారి ఎలాగూ మూసుకుపోతుంది.

తెలియనివాళ్లు ఒట్టు పెట్టొచ్చు, తెలిసినవాళ్లు పెట్టకూడదు. వదిన దీన్ని వింటే ఇంకా మండిపడుతుంది.

ఈ ఒట్టు ఎందుకొచ్చిందో చూస్తే కొంత అర్థమవుతుంది. 1937లో కాలిఫోర్నియా ఇలాంటి చట్టమే ఒకటి చేసింది. అందులో ఒట్టూ లేదు, దురభిప్రాయం అన్న ఆరోపణా లేదు. వద్దంటే చాలు. మరుసటి ఏడాదే, ఆస్టిన్ వర్సెస్ లాంబర్ట్ కేసులో, రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కారణం అనేదే లేకుండా జడ్జిని పక్కన పెట్టడం కుదరదని. 1957లో శాసనసభ మళ్లీ వచ్చింది, ఈసారి ప్రమాణం చేర్చి. 1958లో జాన్సన్ కేసులో కోర్టు దీన్ని నిలబెట్టింది. కాబట్టి ఆ ఒట్టు రాజ్యాంగ పరీక్ష గట్టెక్కడానికి పెట్టింది. లోపల సరుకు మాత్రం 1937 నాటిదే: వద్దంటే వద్దు.

ఒకసారి ఇది ఒప్పుకుంటే చిన్న గడువు ఎందుకో తెలుస్తుంది. కారణం చెప్పక్కర్లేని హక్కుని ఎవరైనా ఎప్పుడు వాడతారు? తమకి నచ్చని ఆర్డరు వచ్చిన మర్నాడు. వదిన కూడా అప్పుడే అడిగింది, అంతకుముందు రెండేళ్లూ ఆ జడ్జి పేరు ఆవిడకి తెలీదు. ఆర్డరు చూసి జడ్జిని మార్చుకునే వీలుంటే ప్రతి ఆర్డరూ ఒక బెదిరింపు కింద ఇవ్వాల్సి వస్తుంది. మీకు వ్యతిరేకంగా రాస్తే నన్ను తీసేస్తారు అన్న టెన్షన్‌లో ఏ జడ్జి నిజాయతీగా రాస్తారు? కారణం లేని హక్కు భరించదగినదిగా ఉండాలంటే దాన్ని కళ్లకు గంతలతోనే వాడాలి. అందుకే గడువు ముందే ముగిసిపోవాలి. టాస్ పడకముందు ఏ అంపైర్ వద్దో చెప్పు, పదో ఓవర్లో ఎల్‌బీడబ్ల్యూ ఇచ్చాక కాదు.

ఆలస్యంగా వచ్చినవాళ్లకి కొత్త గడువిస్తే?

ఇదే నేను చాలాసేపు అటూ ఇటూ ఆలోచించిన చోటు. మొదట నాకూ అనిపించింది, చేరిన రోజు నుంచి 20 రోజులు ఇస్తే ఏం పోయిందని.

ఆలిసో కాన్యన్ కేసులు చూడండి. 2015 అక్టోబరులో బయటపడి 2016 ఫిబ్రవరి దాకా గ్యాస్ కారింది. 2021లో ఒప్పందం కుదిరే నాటికి వాదులు 35,000కి పైగా. 1.8 బిలియన్ డాలర్ల దాకా ఒప్పుకున్నారు. ఆ వేలల్లో ప్రతి ఒక్కరికీ చేరిన రోజు నుంచి ఒక చాన్సు ఉందనుకోండి. జడ్జి మీద కోపమున్న లాయరు ఏం చేస్తాడు? ఒక కొత్త క్లయింటుని చేర్చి, ఆ పేరు మీద కాగితం పడేస్తాడు. పాతవాళ్లకి పోయిన హక్కు కొత్తవాళ్ల చేత్తో తిరిగొస్తుంది. అప్పటికి ఆ జడ్జి బావుల నిర్మాణం, గాలి నమూనాలు, వైద్య నివేదికలు అన్నీ చదివి ఉంటారు. అదంతా గంగలో కలుస్తుంది, ఇంకొకరు మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాలి. ఇన్ని కేసులు ఒకచోట చేర్చిన ఉద్దేశమే దెబ్బతింటుంది. కంపెనీ వాళ్లకీ అదే సూత్రం వర్తించాలి కదా. కొత్త డిస్ట్రిబ్యూటర్ని ప్రతివాదిగా చేర్చినప్పుడల్లా వాళ్ల వైపు నుంచీ ఒక కాగితం రావచ్చు.

కాబట్టి వదినకి కొత్త గడువు ఇవ్వాలని నేను అనలేను. ఆవిడ ఒక్కతికి ఇస్తే బాగానే ఉంటుంది. ఆవిడలాంటి వేలమందికి ఇస్తే ఎవరి కేసూ ముందుకి కదలదు.

ఇంకో మాట. కారణం ఉన్న అభ్యంతరానికి ఈ గడువు లేదు. జడ్జికి ఆ కంపెనీలో షేర్లున్నాయనో, బంధువు ఆ లా ఫర్మ్‌లో ఉన్నారనో, పక్షపాతం ఉందని బయటివాళ్లకి సహేతుకంగా అనుమానం కలిగే విషయం ఏదైనా బయటపడిందనో అనుకోండి. అప్పుడు 170.1 కింద, తెలిసిన వెంటనే, వీలైనంత త్వరగా అభ్యంతరం చెప్పొచ్చు. రాతపూర్వకంగా, వివరాలతో. జడ్జి దాన్ని కాదంటే తన మీద తానే తీర్పు చెప్పుకోవడానికి వీల్లేదు, ఇంకో జడ్జి తేలుస్తారు. ఆలస్యమైన కాగితాన్నీ, చూడగానే పస లేదని తెలిసేదాన్నీ మాత్రం ఆయనే కొట్టేయొచ్చు. నిపుణుడి సాక్ష్యం ఆపారన్నది ఒక్కటే ఇందులోకి రాదు, దానికి అప్పీలుంది. కారణం లేకపోతే ముందే చెప్పాలి, కారణం ఉంటే తెలిసినప్పుడు చెప్పొచ్చు. ఈ విభజన నాకు నచ్చింది.

అమెరికా ఫెడరల్ కోర్టుల్లో మొదటి సగం లేనే లేదు. సోషల్ మీడియా పిల్లలకి హాని చేస్తోందన్న కేసులు ఒక గుంపు లాస్ ఏంజెలెస్ రాష్ట్ర కోర్టులో జడ్జి కెరొలిన్ కూల్ ముందున్నాయి, ఇంకో గుంపు ఓక్లండ్ ఫెడరల్ కోర్టులో జడ్జి ఇవాన్ గొంజాలెజ్ రోజర్స్ ముందున్నాయి. ఆరోపణలు దాదాపు ఒకటే. ఒకచోట 20 రోజుల్లో కారణం చెప్పకుండా వద్దనే వీలుంది, రెండోచోట కారణం లేకుండా ఏ రోజూ వద్దనలేరు. ఫెడరల్ పద్ధతిలో న్యాయం కుప్పకూలిందని నేను ఎక్కడా వినలేదు. అందుకే 170.6ని పవిత్రమైన హక్కు అనడానికి నాకు మనసొప్పదు. అదొక సౌకర్యం.

మన దగ్గర గడువే లేదు

గడువు లేకపోతే ఎలా ఉంటుందో మనకి తెలుసు. మన దేశంలో కారణం చెప్పకుండా జడ్జిని మార్చమనే హక్కు లేదు. తప్పుకోమని కోరొచ్చు, దాని మీద నిర్ణయం సాధారణంగా ఆ జడ్జిదే. ఎప్పుడు కోరాలన్నదానికి 20 రోజులు, 15 రోజులు అనే గీత లేదు.

2021 జులైలో కలకత్తా హైకోర్టులో జస్టిస్ కౌశిక్ చందా, మమతా బెనర్జీ ఎన్నికల పిటిషన్ నుంచి తప్పుకుంటూనే, కోరిన తీరు బాగాలేదని ఆవిడకి 5 లక్షల ఖర్చులు వేశారు. కోరిన పనీ జరిగింది, కోరినందుకు శిక్షా పడింది. ఆంధ్రప్రదేశ్ సంగతి పాఠకులకి గుర్తుండే ఉంటుంది. ప్రభుత్వ భూముల అమ్మకానికి సంబంధించిన మిషన్ బిల్డ్ ఏపీ కేసులో జస్టిస్ రాకేశ్ కుమార్ తప్పుకోవాలని రాష్ట్ర ప్రభుత్వం కోరింది. ఆయన పదవీ విరమణకి ముందురోజు, 2020 డిసెంబరు 30న, అది కుదరదని పెద్ద ఆర్డరే రాశారు. మరుసటి ఏడాది నవంబరులో రాజధాని కేసుల్లో, బెంచిలో ఇద్దరు జడ్జీలకి అమరావతిలో ప్లాట్లున్నాయి కాబట్టి వారు వినకూడదని ప్రభుత్వ న్యాయవాది అన్నారు. ముగ్గురు జడ్జీల బెంచి ఒప్పుకోలేదు. ఎవరిది ఒప్పు అన్నది నా విషయం కాదు. ప్రతిసారీ జరిగింది ఒకటే: అడగడమే వార్త అయింది, అడిగినవాళ్ల ఉద్దేశం మీద చర్చ నడిచింది, జడ్జి మనసు గాయపడింది.

కింది కోర్టుల్లో ఇంకా మామూలు. మా తాతగారి భూమి పంపకం దావాలో వాదనలన్నీ అయ్యి తీర్పుకి పెట్టాక, అవతలి పక్షం జిల్లా కోర్టులో ట్రాన్స్‌ఫర్ ఓపీ, అంటే కేసుని వేరే జడ్జికి మార్చమనే పిటిషన్, వేసింది. జడ్జిగారు మా వకీలుతో నవ్వుతూ మాట్లాడారన్నది కారణం. చివరికి ఓపీ కొట్టేశారు. ఈలోగా జడ్జిగారికి బదిలీ అయింది, కొత్తాయన వాదనలు మళ్లీ మొదటినుంచి విన్నారు. మా నాన్న ఆ రోజుల్లో తెనాలి బస్సులో కట్టలు మోసుకుని తిరగడం నాకు గుర్తే. ఆ దావాలో కారణం చెప్పకుండా జడ్జిని మార్చే హక్కు మొదటి 20 రోజుల్లో ఇచ్చి, తర్వాత మూసేసి ఉంటే అవతలివాళ్లు ఏం చేసేవారో ఊహించగలను. మొదటి నెలలోనే వాడుకునేవారు. మాకు పోయేది ఒక నెల.

ఇంకా తేలని చోట

ఇంత చెప్పాక కూడా ఒకటి నన్ను వదలడం లేదు. గడువు చిన్నదైతే దాన్ని వాడుకోగలిగేది ఎవరు? ఆ జడ్జి ఎలాంటివారో ముందే తెలిసినవాళ్లు. అంటే ఆ కోర్టు చుట్టూ తిరిగే లాయర్లు. కంపెనీ మొదటిరోజు నుంచీ కేసులో ఉంటుంది, దాని లాయర్లకి ప్రతి జడ్జి పాత తీర్పులూ కంఠతా. కళ్లకు గంతలు అన్నాను కానీ వాళ్ల గంతలకి చిల్లులుంటాయి. వాదుల తరఫు పెద్ద ఫర్మ్‌లకీ అంతే తెలుసు. తెలియనిది వదినలాంటి క్లయింట్లకి.

ఆరెంజ్ కౌంటీలో జరిగింది చూస్తే ఈ హక్కు ఎలా వంకర తిరగగలదో అర్థమవుతుంది. అది క్రిమినల్ కేసుల సంగతి. జైల్లో ఇన్‌ఫార్మర్లని (తోటి ఖైదీల మాటలు అధికారులకి చేరవేసేవాళ్లని) వాడుకున్న వ్యవహారంలో జడ్జి థామస్ గోథల్స్ ప్రాసిక్యూటర్లని తప్పుపట్టారు. తర్వాత ఆయన ముందుకొచ్చిన దాదాపు ప్రతి హత్య కేసులోనూ ప్రాసిక్యూటర్లు 170.6 కాగితం పడేశారు. ప్రతి కేసులోనూ గడువు లోపలే, నిబంధన ప్రకారమే. 2016లో అప్పీలు కోర్టు దాని మీద చాలా ఇబ్బంది పడుతూనే, ఇలాంటి వాడకాన్ని ఒప్పుకున్న 1977 నాటి రాష్ట్ర సుప్రీంకోర్టు సోల్‌బర్గ్ తీర్పు మా చేతులు కట్టేసిందని చెప్పింది. చిన్న గడువు ఒక కేసులోపల బెదిరింపుని ఆపుతుంది. కేసు తర్వాత కేసుగా వచ్చేవాళ్లని ఆపదు. దీనికి నా దగ్గర మందు లేదు.

వదిన విషయంలో మాత్రం ఒక చిన్న మార్పు చాలనిపిస్తుంది. వాదుల పక్షానికి ఉన్న ఆ ఒక్క చాన్సుని వాడకుండా ఎవరు ఎందుకు వదిలేశారు అన్నది ఎక్కడా రాసి ఉండదు. వాడితే కోర్టు రికార్డులో కాగితం కనిపిస్తుంది. వదిలేస్తే ఏమీ కనిపించదు. నలుగురు లాయర్లు ఒక కాల్‌లో మాట్లాడుకుని, ఈయన పర్లేదులే అనుకుని ఉంటారు. ఆ నిర్ణయం తర్వాత చేరే వేలమందిని కట్టేస్తుంది. కాబట్టి వాదుల తరఫు లీడ్ లాయర్లు గడువు ముగిసిన రోజున ఒక పేజీ నోట్ రాసి పెట్టాలి, కొత్తగా చేరే ప్రతి క్లయింటుకీ సంతకం ముందే అది ఇవ్వాలి. లాయర్లు ఒప్పుకోరు, తమ ఆలోచన అవతలి పక్షానికి తెలిసిపోతుందంటారు. సరే, కారణాలు రాయొద్దు. వాడామా లేదా, ఏ తేదీతో ముగిసింది, ఇప్పుడున్న జడ్జి ఎవరు. ఈ మూడు ముక్కలు చాలు.

అది వచ్చేలోపు, ఇలాంటి కేసులో చేరబోయే మనవాళ్లెవరైనా సంతకం పెట్టేముందు అదే మూడూ లాయర్ని అడగండి. ఆ జడ్జి ఇదివరకు ఇలాంటి కేసుల్లో నిపుణుల సాక్ష్యం గురించి ఏమన్నారో కూడా అడగండి. ఆ ఆర్డర్లు చాలావరకు బహిరంగంగానే దొరుకుతాయి. ఆ జడ్జి మీకు వద్దనిపిస్తే ఇక మిగిలేది ఆ గుంపులో చేరకుండా ఉండటమే. అదీ పూర్తిగా మీ చేతుల్లో లేదు, విడిగా కేసు వేసినా అవతలివాళ్లు దాన్ని ఆ గుంపులో కలపమని అడగొచ్చు. కలపవద్దని అభ్యంతరం చెప్పడానికి కూడా ఒక గడువుంది, సర్వ్ అయినప్పటి నుంచి 10 రోజులు.